లారీ డ్రైవరు కాలమునకు వెల ఎంత?

గత విద్యాసంవత్సరములో మన కళాశాల పూర్వవిద్యార్థి ఒకడు నన్ను చూచుటకు స్టాఫ్ రూమునకు వచ్చినాడు. బి.కాం. పూర్తిచేసి హైదరాబాదులో రాత్రిపూట ఉద్యోగము చేయుచున్నాడు. అమెరికాలో సరుకు రవాణా చేయు ఒక కంపెనీ తరఫున, ఇక్కడనే కూర్చుండి, ఏ లారీ ఏ గోడౌనులో లోడు ఎత్తవలెను, ఎక్కడ దింపవలెను, ఎన్ని గంటలకు చేరవలెను అను ఏర్పాట్లు చూచుట అతని పని. మాటల మధ్య అతడు నన్ను ఇట్లు అడిగినాడు:

“సార్, అక్కడి డ్రైవరుకు ఈ రోజు బండి నడపడానికి ఇంకా ఎన్ని గంటలు, ఎన్ని నిమిషాలు మిగిలి ఉన్నాయో నా కంప్యూటరు తెర మీద కనబడుతుంది. టైము అయిపోతే ఇక నడపకూడదు. మా అబ్బా ముప్పై ఏళ్ళు లారీ నడిపారు. ఆయన గంటలు ఏనాడూ ఎవరూ లెక్కపెట్టలేదు. అమెరికా డ్రైవర్లు అదృష్టవంతులే అనుకున్నాను. కాని వాళ్ళు ఆ మిషను పేరు చెబితే మండిపడతారు. గంటలు లెక్కపెట్టడం మంచిదే కదా సార్, మరి వాళ్ళకెందుకంత కోపం?”

నేను తెలుగు బోధించువాడను. ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సమాధానము చెప్పలేకపోయినాను. తరువాత ఆ విషయమును గూర్చి చదివి, మన వాణిజ్యశాస్త్ర శాఖలోని మిత్రులతో చర్చించి తెలిసికొన్న సంగతులను ఈ వ్యాసమున విద్యార్థుల ముందుంచుచున్నాను. ఇది కేవలము పరదేశ విషయము కాదని చదువరులకు చివరకు తెలియగలదు.

అలసటకు హద్దు

మనిషి నిద్రను ఎంతసేపు ఆపుకొనగలడు అనునది ధైర్యమునకు సంబంధించిన ప్రశ్న కాదు; శరీరధర్మమునకు సంబంధించినది. అమెరికాలోని అంతర్రాష్ట్ర రహదారులపై లారీ, సరుకు కలిపి 80,000 పౌన్ల వరకు, అనగా సుమారు 36 టన్నుల వరకు సాధారణముగా అనుమతింతురు. అంతటి బరువు గంటకు 60 మైళ్ళ వేగముతో పోవుచుండగా డ్రైవరు మూడు సెకండ్లు మాత్రము కునికినను, ఆలోపల బండి 88 గజముల దూరము ఎవరి అదుపును లేకుండ పోవును. ఆ దూరములో ఎవరి ప్రాణములుండునో చెప్పలేము. కావున డ్రైవరు నిద్ర అతని సొంత వ్యవహారము కాదు. దారిన పోవు అందరి వ్యవహారము.

ఈ సత్యమును అమెరికా మొదట రైల్వేలలో గుర్తించినది. రైలు నడుపు సిబ్బంది వరుసగా 16 గంటలకు మించి పనిచేయరాదని 1907లో చట్టము వచ్చినది. లారీల సంఖ్య పెరిగిన పిదప 1935లో మోటారు రవాణా చట్టము చేసి, డ్రైవర్ల పనిగంటలను నిర్ణయించు అధికారమును అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘమునకు అప్పగించిరి. ఆ సంఘము 1937, 1938 సంవత్సరములలో తొలి నియమములను ఏర్పరచినది. ఏడు దినములలో 60 గంటలు లేక ఎనిమిది దినములలో 70 గంటలు అను హద్దు ఆనాటిదే. అది నేటికిని నిలిచియున్నది.

దినమునకు సంబంధించిన నియమములు మాత్రము పలుమార్లు మారినవి. ఇప్పుడున్న పద్ధతికి 2004 జనవరిలో అమలునకు వచ్చిన నియమములు పునాది. వాటిని క్లుప్తముగా ఇట్లు చెప్పవచ్చును. డ్రైవరు వరుసగా 10 గంటలు విశ్రాంతి తీసికొన్న తరువాతనే పనిలో దిగవలెను. పనిలో దిగిన క్షణము నుండి 14 గంటల గడియారము నడచును. ఆ 14 గంటలలో స్టీరింగు పట్టి బండి నడుపునది 11 గంటలకు మించరాదు. 8 గంటలు నడిపిన పిమ్మట కనీసము అరగంట నడుపుట ఆపవలెను. వరుసగా 34 గంటలు సెలవు తీసికొన్నచో వారపు లెక్క మరల మొదటి నుండి ఆరంభమగును.

ఇందు ముఖ్యముగా గమనింపదగినది ఆ 14 గంటల గడియారము. విశ్రాంతిని రెండు భాగములుగా పంచుకొను ఒక సౌకర్యమును విడిచినచో, అది సాధారణముగా ఆగదు. డ్రైవరు బండి నడుపుచున్నను, డీజిలు పోయించుకొనుచున్నను, గోడౌను గేటు ముందు తన వంతు కొరకు కాచుకొనియున్నను గడియారము నడచుచునే యుండును.

కూలి మాత్రము మైలునకు

చట్టము డ్రైవరు పనిని గంటలతో కొలుచుచున్నది. అతనికి వచ్చు డబ్బును దేనితో కొలుచుచున్నారు? దూరప్రయాణములు చేయు డ్రైవర్లలో పెక్కుమందికి మైలునకు ఇన్ని సెంట్లు అను లెక్కన చెల్లింతురు. చక్రము తిరిగిననే కూలి. చక్రము ఆగినచో, డ్రైవరు పనిలోనే ఉన్నప్పటికిని, పలుచోట్ల కూలి లేదు, ఉన్నను స్వల్పము.

వారమునకు 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు కూలి ఇయ్యవలెనని 1938లో అమెరికాలో న్యాయ శ్రమ ప్రమాణముల చట్టము వచ్చినది గదా, అది డ్రైవరును కాపాడదా అని విద్యార్థులు అడుగవచ్చును. ఆ చట్టమే ఈ డ్రైవర్లను ఓవర్‌టైము నిబంధన నుండి మినహాయించినది. వారి పనిగంటలను నియంత్రించుటకు వేరొక అధికార సంస్థ ఉన్నది గనుక ఓవర్‌టైము వారికి అక్కరలేదు అనునది ఆనాటి తర్కము. గంటలకు హద్దు పెట్టుట ఒకటి, హద్దు లోపలి గంటలకు వెల కట్టుట మరియొకటి. ఈ రెంటికి గల భేదమును ఆ తర్కము విస్మరించినది. ఈ మినహాయింపును తొలగింపవలెనని 2022, 2023 సంవత్సరములలో అమెరికా కాంగ్రెసులో బిల్లులు ప్రవేశపెట్టిరి. అవి చట్టరూపము దాల్చలేదు.

ఒకప్పుడు ఈ లోటును కార్మిక సంఘము పూరించెడిది. 1964లో జిమ్మీ హాఫా నాయకత్వమున టీమ్‌స్టర్స్ యూనియను దేశమంతటి లారీ కంపెనీలతో ఒకే వేతన ఒప్పందమును సాధించినది. ఆ రోజులలో ప్రభుత్వమే కిరాయి రేట్లను అదుపులో ఉంచుచు, కొత్త కంపెనీలు సులభముగా ప్రవేశింపకుండ చూచెడిది. 1980 జూలై 1వ తేదీన అధ్యక్షుడు జిమ్మీ కార్టరు సంతకము చేసిన చట్టముతో ఆ అదుపు చాలవరకు సడలినది. వేలకొలది కొత్త కంపెనీలు వచ్చినవి. పోటీ పెరిగి కిరాయిలు తగ్గినవి. సరుకు కొనువానికి అది లాభమే. కాని యూనియను బలము క్షీణించి, ధరల పెరుగుదలతో పోల్చిచూచినచో డ్రైవరు నిజవేతనము పడిపోయినది. మైకేల్ బెల్జర్ అను ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఒకప్పుడు తానే లారీ నడిపినవాడు. ఈ పరిణామమును ఆయన 2000లో ప్రచురించిన ‘స్వెట్‌షాప్స్ ఆన్ వీల్స్’ అను గ్రంథమున వివరించినాడు.

2023 మే నెల గణాంకముల ప్రకారము అమెరికాలో భారీ లారీ డ్రైవరు మధ్యస్థ వార్షిక వేతనము 54,320 డాలర్లు. అనగా సగముమందికి అంతకన్న తక్కువ. రూపాయలలోనికి మార్చినచో ఇది మనకు పెద్ద మొత్తముగా తోచును. కాని అక్కడి ఖర్చులను, వారములకొలది ఇల్లు విడిచియుండుటను, పనిచేసిన మొత్తము గంటలను లెక్కలోనికి తీసికొనిననే దాని అసలు విలువ తెలియును.

లాగుబుక్కు నుండి యంత్రము వరకు

నియమములను పాటించుచున్నాడో లేదో తెలియుటకు డ్రైవరు ప్రతిదినము ఒక పట్టికలో గీతలు గీయవలసియుండెను. ఇరువదినాలుగు గంటల ఆ పట్టికలో నాలుగు వరుసలుండును: విశ్రాంతి, బండిలోని పడకలో నిద్ర, బండి నడుపుట, నడుపక పనిలో ఉండుట. ఇదియే లాగుబుక్కు. గీత గీయువాడు డ్రైవరే గనుక ఆ గీత నిజము చెప్పవలెనను నియమమేమియు లేదు. మూడు గంటలు గోడౌను వద్ద కాచుకొన్నవాడు ఆ మూడు గంటలను ‘విశ్రాంతి’ వరుసలో వ్రాసికొని, పోయిన మైళ్ళను రాత్రి పూడ్చుకొనెడివాడు. కొందరు రెండేసి పుస్తకములు ఉంచుకొనెడివారు. డ్రైవర్లే వాటిని ‘బొమ్మల కథల పుస్తకములు’ అని పరిహాసమాడెడివారు.

ఇది అబద్ధమే, సమర్థింపదగినది కాదు. అయితే ఆ అబద్ధము వలన లాభపడినవాడు డ్రైవరు ఒక్కడే కాడు. సమయమునకు సరుకు అందుకొన్న వర్తకుడును, బండ్లను ఊరక ఉంచక తిప్పిన కంపెనీయు లాభపడిరి. కూలి లేని నిరీక్షణను కాగితముపై మాయము చేసి, ఆ భారమును డ్రైవరు తన నిద్రపై వేసికొనుచుండెను.

దీనిని అరికట్టుటకు ఎలక్ట్రానిక్ యంత్రమును తప్పనిసరి చేయవలెనని చాలకాలము చర్చ జరిగినది. 2010లో ప్రభుత్వము చేసిన ఒక నియమమును, యంత్రమును అడ్డము పెట్టుకొని డ్రైవరును వేధింపకుండ తగిన రక్షణ కల్పింపలేదను కారణమున 2011లో న్యాయస్థానము కొట్టివేసినది. 2012లో కాంగ్రెసు చట్టము చేసి యంత్రమును ఆజ్ఞాపించినది. 2015 డిసెంబరులో నియమములు వెలువడి, 2017 డిసెంబరు 18 నుండి అమలునకు వచ్చినవి. లోగడ వేరు రకము యంత్రములు అమర్చుకొన్నవారికి 2019 డిసెంబరు వరకు గడువు ఇచ్చిరి. 2000 సంవత్సరమునకు ముందరి నమూనా ఇంజనులు గల బండ్లకును, దగ్గరి దూరములు తిరుగు డ్రైవర్లకును మినహాయింపు కలదు.

యంత్రము పనిచేయు విధము సులభమే. అది బండి ఇంజనుతో అనుసంధింపబడియుండును. చక్రము కదలి వేగము గంటకు 5 మైళ్ళు మించిన వెంటనే ‘నడుపుచున్నాడు’ అని తనంతట తానే నమోదు చేసికొనును. బండి ఆగి ఐదు నిమిషములైన పిదప డ్రైవరును ప్రశ్నించును; అతడు ఒక నిమిషములో బదులీయనిచో ‘నడుపక పనిలో ఉన్నాడు’ అని మార్చును. నడుచునంతసేపు గంటకొకమారు బండి ఉన్న తావును గుర్తించును. అట్లు నమోదైన నడుపుకాలమును తరువాత ఎవరును తగ్గించి వ్రాయలేరు. కంపెనీ ఏదైన సవరణ కోరినచో డ్రైవరు అంగీకారము అవసరము. యంత్రము సాకుతో డ్రైవరును వేధించుట నిషిద్ధము. ఇవి మంచి ఏర్పాట్లే అనుటలో సందేహము లేదు.

ఒక చిన్న లెక్క

ఇంత మంచి యంత్రమునకు డ్రైవర్లు ఏల కోపగింతురు? ఒక ఊహాజనితమైన లెక్క వేసి చూతము. ఒక డ్రైవరునకు మైలునకు 60 సెంట్లు కూలి అనుకొందము. సగటు వేగము గంటకు 55 మైళ్ళు. 14 గంటలలో 3 గంటలు తనిఖీకి, డీజిలుకు, లోడింగునకు, భోజనమునకు పోయినను, మిగిలిన 11 గంటలు నడిపెననుకొందము. 605 మైళ్ళు నడచును. 363 డాలర్లు చేతికి వచ్చును. పనిలో ఉన్న 14 గంటలకు పంచినచో గంటకు దాదాపు 26 డాలర్లు.

మరునాడు గోడౌనులో లోడింగు ఆలస్యమై 6 గంటలు కాచుకొనవలసి వచ్చినది. తనిఖీ మొదలగు వాటికి మరియొక గంట. 14 గంటలలో నడుపుటకు మిగిలినది 7 గంటలే. 385 మైళ్ళు, 231 డాలర్లు. అదే డ్రైవరు, అదే బండి, అవే 14 గంటలు. అయినను గంట కూలి పదహారున్నర డాలర్లకు పడిపోయినది. 132 డాలర్ల నష్టము అతనిది. ఆలస్యము చేసినవాడు మాత్రము గోడౌను యజమాని.

నిరీక్షణకు రుసుము లేకపోలేదు. మన లారీ ఆఫీసులలో హాల్టింగు చార్జి అను దానివంటిది అక్కడను కలదు. కాని మొదటి రెండు గంటలు ఉచితము అనునది అక్కడి వాడుక. ఆ తరువాతి రుసుము కూడ అన్నివేళల వసూలు కాదు. వసూలైనదంతయు డ్రైవరునకు చేరదు. ఈ నిరీక్షణ వలన కిరాయి లారీల డ్రైవర్లు సంవత్సరమునకు 110 కోట్ల నుండి 130 కోట్ల డాలర్ల వరకు ఆదాయము కోల్పోవుచున్నారని అమెరికా రవాణాశాఖ తనిఖీ కార్యాలయము 2018లో అంచనా వేసినది. అదే నివేదికలో ఇంతకన్న గంభీరమైన మాట యొకటి కలదు. గోడౌనుల వద్ద సగటు నిలుపుదల 15 నిమిషములు పెరిగినచో, ప్రమాదముల రేటు 6.2 శాతము పెరుగునని ఆ అంచనా. గేటు వద్ద పోగొట్టుకొన్న కాలమును డ్రైవరు రోడ్డు మీద వెదకుకొనునని దీని భావము.

విశ్రాంతికి చోటు దొరకుట మరియొక సమస్య. గడియారము ముగిసినచోట బండి ఆపవలెను. ఆపుటకు స్థలముండవలెను గదా! 2009లో జేసన్ అను డ్రైవరు సరుకు దింపవలసిన చోటికి ముందుగా చేరుకొని, అక్కడ ఆగుటకు వీలులేక, మూతపడిన ఒక పెట్రోలు బంకులో బండి నిలుపుకొని దొంగల చేతిలో హతుడైనాడు. యంత్రమును ఆజ్ఞాపించిన 2012 నాటి చట్టములోనే, లారీలు ఆగు తావులను గూర్చిన భాగమునకు ఆయన పేరు పెట్టి ‘జేసన్ చట్టము’ అనిరి. యంత్రము దేశమంతటను వచ్చినది. ఆగు తావుల కొరత మాత్రము తీరలేదు.

యంత్రము సాధించినది, సాధింపనిది

యంత్రము వచ్చిన తరువాత ఏమి జరిగినది? స్కాట్, బాల్త్రోప్, మిల్లర్ అను ముగ్గురు పరిశోధకులు ప్రభుత్వ రికార్డులను పరిశీలించి 2021లో తమ అధ్యయనమును ప్రచురించిరి. పనిగంటల నియమముల ఉల్లంఘన గణనీయముగా తగ్గినది. ఇది యంత్రము విజయమే. కాని ప్రమాదములు తగ్గినట్లు కనబడలేదు. పైపెచ్చు, చిన్న కంపెనీల డ్రైవర్లలో అతివేగము వంటి అపాయకరపు పోకడలు పెరిగినవి.

కారణము ఊహించుట కష్టము కాదు. ఆదాయము మైళ్ళమీద ఆధారపడియున్నది. గంటలు పెంచుకొను దారి మూసికొనిపోయినది. మిగిలిన దారి ఒక్కటే, ఉన్న గంటలలో ఎక్కువ మైళ్ళు పోవుట. అనగా వేగము పెంచుట. యంత్రము డ్రైవరు అబద్ధమును పట్టుకొన్నది గాని, ఆ అబద్ధమునకు మూలమైన కూలి పద్ధతిని తాకలేదు.

దీనికి ప్రత్యుదాహరణము కూడ అమెరికాలోనే కలదు. 1997లో జె.బి.హంట్ అను పెద్ద రవాణా సంస్థ తన డ్రైవర్ల మైలు రేటును సుమారు మూడవవంతు పెంచినది. తరువాత ఆ సంస్థలో ఉద్యోగము మానిపోవువారి సంఖ్య తగ్గినది, ప్రమాదములును తగ్గినవి. కూలి, క్షేమము రెండు వేర్వేరు ఖాతాలు కావని దీనివలన తెలియుచున్నది.

ఐరోపా దేశములు ఈ సంబంధమును చట్టములోనే గుర్తించినవి. అక్కడ టాకోగ్రాఫ్ అను నమోదు యంత్రమును 1970లోనే నియమములలో చేర్చిరి. 2006 నుండి కొత్త బండ్లలో దాని డిజిటల్ రూపము వచ్చినది. దినమునకు 9 గంటలు, వారములో రెండు దినములు మాత్రము 10 గంటలు నడుపవచ్చును. నాలుగున్నర గంటలు నడిపిన పిదప 45 నిమిషములు ఆగవలెను. వీటితోపాటు మరియొక నిబంధన కలదు: రహదారి భద్రతకు ముప్పు కలుగునట్లు, పోయిన దూరమును బట్టి గాని మోసిన సరుకును బట్టి గాని డ్రైవరునకు కూలి చెల్లింపరాదు. 2006 నాటి ఈ నిబంధన వాక్యమొక్కటే. కాని మన చర్చ సారమంతయు అందులో కలదు. ఆస్ట్రేలియా 2012లో లారీ డ్రైవర్ల వేతనమును, రహదారి భద్రతను కలిపి విచారించుటకే ఒక ట్రిబ్యునలును ఏర్పరచినది. కిరాయి రేట్ల మీద తీవ్రమైన వివాదము చెలరేగి 2016లో దానిని రద్దుచేసిరి. మార్గము సుగమము కాదని దీనివలన తెలియుచున్నది. మార్గము లేదని మాత్రము కాదు.

మన రోడ్లమీద

ఇక మన సంగతి. మన దేశములో డ్రైవరు పనిగంటలకు చట్టమే లేదని పలువురు అనుకొందురు. అది పొరపాటు. 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టము వచ్చినది. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు. దూరప్రయాణములలో అనుమతితో 10 గంటలు, 54 గంటలు. 5 గంటలకొకమారు అరగంట విశ్రాంతి. వారమునకొక సెలవు దినము. అదనపు పనికి రెట్టింపు కూలి. ఇవి ఆ చట్టములోని నిబంధనలు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమును పనిగంటల విషయమున ఆ చట్టమునే చూపినది. 2020లో పార్లమెంటు చేసిన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతిలో దానిని కలిపివేసిరి. అమెరికా డ్రైవరునకు లేని ఓవర్‌టైము మన డ్రైవరునకు 1961లోనే కాగితముపై లభించినది.

కాగితముపై అనుటకు కారణము కలదు. ఆ చట్టము ఐదుగురు లేక అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించునట్లు చేయబడినది. మన ఊళ్ళలో లారీ యజమాని అనగా ఒకటి రెండు బండ్లు కలవాడే ఎక్కువ. అతడును తరచుగా ఒకనాటి డ్రైవరే. అట్టివాని బండి మీద పనిచేయు డ్రైవరు, క్లీనరు ఆ చట్టము గీసిన గీతకు ఇవతలనే మిగిలిపోయిరి. వారికి తెలిసిన లెక్క ట్రిప్పుకు ఇంత, దినమునకు బత్తా ఇంత. లోడింగు కొరకు రెండు దినములు మార్కెటు యార్డులో పడియున్నను ట్రిప్పు ట్రిప్పే.

ఒక విచిత్రమును గమనింపుడు. 2018 నుండి సరుకునకు ఈ-వే బిల్లు వచ్చినది. 2021 నుండి దానికి 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున చెల్లుబాటు గడువు కలదు. గడువు దాటినచో జరిమానా భయము. బండి ఏ టోలుగేటును ఎన్ని గంటల ఎన్ని నిమిషములకు దాటినదో ఫాస్టాగు చెప్పుచున్నది. పలువురు యజమానులు బండికి జీపీఎస్ అమర్చి, ఎక్కడ ఆగినదో ఇంటనుండియే చూచుచున్నారు. సరుకునకు గడియారము కలదు. బండికి గడియారము కలదు. ఆ బండిని నడుపువాడు ఎప్పుడు నిద్రించెనో చెప్పు గడియారము మాత్రము లేదు.

విమాన చోదకులకు వలెనే లారీ డ్రైవర్లకును నడుపుగంటలు నిర్ణయింపవలెనని, నిద్రమత్తును పసిగట్టు పరికరములను అమర్చవలెనని కేంద్ర రహదారి రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2021 సెప్టెంబరులో అభిప్రాయపడినారు. ఆ ఆలోచన హర్షణీయము. అయితే అమెరికా అనుభవమును మనము మరువరాదు. ట్రిప్పు కూలిని అట్లే ఉంచి, యంత్రమును మాత్రము తెచ్చి బిగించినచో, ఇక్కడను అదే జరుగును. డ్రైవరు వేగము పెంచును, లేదా యంత్రమును ఏమార్చు ఉపాయము వెదకును. ఆపైన జరిమానా కూడ అతడే కట్టుకొనును.

కావున గంటలను కొలుచుటతోపాటు మూడు సంగతులు జరుగవలెనని నాకు తోచుచున్నది. మొదటిది, పనిలో దిగినది మొదలు పని విడుచువరకు గడచిన కాలమంతటికి, నిరీక్షణతో సహా, కూలి ఉండవలెను. రెండవది, ఆలస్యమునకు రుసుము ఆలస్యము చేసినవాడే చెల్లింపవలెను. అది డ్రైవరు చేతికి చేరవలెను. మూడవది, ఆగుమని చెప్పిన చట్టము ఆగుటకు చోటు, నీరు, మరుగుదొడ్డి, పడుకొనుటకు నీడ చూపవలెను. వీటివలన కిరాయి కొంత పెరుగును, నిజమే. బియ్యము బస్తా ధరలో, సిమెంటు బస్తా ధరలో ఆ కొంత మన అందరిమీద పడును. నేడు ఆ మొత్తమును డ్రైవరు ఒక్కడే తన నిద్రతో చెల్లించుచున్నాడు.

ముగింపు

నా పూర్వవిద్యార్థి ప్రశ్నకు నా సమాధానము ఇప్పుడు సిద్ధముగా ఉన్నది. నాయనా, మీ అబ్బా గంటలను ఎవరును లెక్కింపలేదు. నీ తెరమీద కనబడు డ్రైవర్ల గంటలను నిమిషములతో సహా లెక్కించిరి గాని, ఆ గంటలన్నిటికి వెల కట్టలేదు. లెక్క లేకపోవుట అన్యాయము. లెక్కించి వెల ఇయ్యకపోవుట వేరొక అన్యాయము. వారి కోపము నీమీద కాదు. లెక్కమీద కూడ కాదు. తమ కాలము కట్టుబాటునకు మాత్రమే పనికివచ్చి, కూలికి పనికిరాకుండుటమీద. ఫోనులో వారు విసుగుకొన్నప్పుడు ఈ మాట జ్ఞాపకముంచుకొనుము. వీలైనచో ఆలస్యము చేసిన గోడౌను పేరును, కాచుకొన్న గంటలను తప్పక వ్రాసి పెట్టుము. నీవు వ్రాసిన ఆ నాలుగు అంకెలే వారికి రుసుము రాబట్టు ఆధారము కావచ్చును.

మన కళాశాలలో డ్రైవర్ల పిల్లలు, క్లీనర్ల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు పెక్కుమంది చదువుచున్నారు. కమిటీ పెద్దలకు ఇది తెలియని సంగతి కాదు. ఈ సెలవులలో వాణిజ్యశాస్త్ర విద్యార్థులు ఒక చిన్న పని చేసినచో బాగుండునని నా మనవి. మన ఊరి లారీ స్టాండునకు పోయి, పదిమంది డ్రైవర్లను కలిసి, ఒక వారములో ఎన్ని గంటలు నడిపిరి, ఎన్ని గంటలు కాచుకొనిరి, ఎన్ని గంటలు నిద్రించిరి, చేతికి ఎంత వచ్చినది అని అడిగి వ్రాసికొని రండు. అందుకు యంత్రము అక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. పరాయి ఇంటికి పోవుటకు సంకోచించువారు తమ ఇంటనే మొదలుపెట్టవచ్చును. ఆ లెక్కను వచ్చే సంవత్సరపు సంచికలో ప్రచురింపగలిగినచో, ఈ వ్యాసము కన్న అది ఎక్కువ ఉపకారము చేయును.